కోనసీమలో కాటేజీలు కట్టాలనుకునేవాళ్లు ముందు మంగళవారం రాత్రి లెక్క వేసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాజోలు దగ్గర తాతగారి నుంచి వచ్చిన 60 సెంట్ల కొబ్బరితోట, అందులో పాత పెంకుటిల్లు, 45 లక్షలు లోన్ తీసి నాలుగు కాటేజీలు, ఒక స్విమ్మింగ్ పూల్ కట్టి ఆన్‌లైన్‌లో పెడితే నెలకి లక్షన్నర వస్తుందా, మేనేజ్‌మెంట్ అంతా ఫోన్‌లోనే చూసుకోవచ్చా అని అడిగారు. సంక్రాంతికి మీ ఫ్రెండ్స్‌కి ఇక్కడ ఒక్క రూమ్ దొరకలేదని, దొరికినచోట రాత్రికి 12 వేలు అడిగారని, ఈ ఐడియా అప్పుడే వచ్చిందని కూడా రాశారు. ఆ చివరి మాట చూసాకే నాకు భయమేసిందండి.

మాది మలికిపురం వైపు. మా అత్తగారి మండువా ఇల్లు పడిపోయేలా ఉంటే 2017లో 19 లక్షలు పెట్టి బాగుచేయించాం, అప్పట్నుంచి నాలుగు గదులు అద్దెకిస్తున్నాం. మా ఆయన హైస్కూల్ మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, ఫోన్లు మెసేజ్‌లు ఆయనవి, మిగతాదంతా నాది. అంటే దుప్పట్లు, బాత్రూమ్‌లు, వంట, కరెంటు మేస్త్రి, తేలు కుట్టిందని అర్ధరాత్రి తలుపు కొట్టేవాళ్లు, అన్నీ.

సంక్రాంతి మూడు రాత్రులు ఎవరికైనా నిండుతాయండి. పశువులపాక కడిగి మంచం వేసినా నిండుతుంది. మీరు వేసుకోవాల్సిన లెక్క అది కాదు. ఆగస్టు నెల, ముసురు పట్టి ఉంది, మంగళవారం రాత్రి, మీ నాలుగు కాటేజీల్లో ఎవరు పడుకుంటారు? దీనికి మీ దగ్గర సమాధానం ఉంటే కట్టండి, లేకపోతే ఇది చదివాక ఇంకోసారి ఆలోచించండి.

ఇక్కడ ఏడాది ఎలా నడుస్తుందో చెప్తాను. కార్తీకమాసంలో వనభోజనాలతో ఊపు మొదలవుద్ది, డిసెంబర్ ఆఖరివారం ఫుల్, సంక్రాంతి సరే సరి, కనుమరోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, తర్వాత భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. అక్కడితో అయిపోయింది. ఫిబ్రవరి ఆఖరికి శని, ఆదివారాలు తప్ప ఎవరూ ఉండరు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు ఏడాది పొడుగునా వస్తారు గానీ ఆ గిరాకీ రావులపాలెం వైపు వాళ్లది, మనకి దూరం. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు, ఫొటోల్లో నిండుగా ఉన్న కాలువ చూసి బుక్ చేసుకున్నవాళ్లు వచ్చి అడుగున గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు చూసి మొహం అదోలా పెడతారు, నేను ఫొటో కింద ఏ నెలలో తీసిందో రాసాకే ఆ గొడవ తగ్గింది. మే నెల ముంజెలకని, మామిడిపళ్లకని పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్లు కొందరున్నారు, ఉక్కపోతకి ఏసీ 24 గంటలూ ఆపరు, వాళ్లిచ్చే డబ్బులో నాలుగోవంతు కరెంటుకే పోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ వరద. పులస తినాలని ఫోన్ చేసే పెద్దమనుషులు ఉంటారు, కానీ పులస మన చేతిలో లేదు కదండీ, రూమ్ బుక్ చేసుకున్నరోజే వలలో పడాలని ఎక్కడా లేదు. దొరక్కపోతే తప్పు మనదే అవుద్ది.

2027 పుష్కరాల గురించి కూడా మీరు రాశారు. మా చుట్టుపక్కల కూడా అదే మాట మీద పిల్లర్లు లేపుతున్నారు. 12 ఏళ్లకోసారి, 12 రోజులు. ఇంకేం చెప్పను.

ఇప్పుడు డబ్బులు. కిందటి ఏడాది పుస్తకం ముందు పెట్టుకుని టైప్ చేస్తున్నాను, దాచేది ఏమీ లేదు. నాలుగు గదులు, 365 రోజులు, అంటే 1460 రాత్రులు. అందులో అమ్ముడైనవి 520. మొదటి ఏడాది 210 అండి, ఇప్పుడిది మాకు మంచి ఏడాది కింద లెక్క. సంక్రాంతి రేటు, వానాకాలం రేటు అన్నీ కలిపి సగటున రాత్రికి 2800 పడింది. మొత్తం 14 లక్షల 56 వేలు. ఇది చూసి చాలామంది ఆగిపోతారు, కింద ఖర్చులు చదవరు.

ఇంటి దగ్గర ఉండే భార్యాభర్తలకి నెలకి 22 వేలు, ఏడాదికి 2 లక్షల 64 వేలు. ఇంకో పనిమనిషి 1 లక్షా 8 వేలు. కరెంటు 2 లక్షల 4 వేలు, ఇది ఇంటి మీటర్ రేటు కాదు, కమర్షియల్. దుప్పట్ల ఉతుకు 78 వేలు. సగం బుకింగ్‌లు సైట్ల నుంచి వస్తాయి, మాకు 15 శాతం కమీషన్, దాని మీద 18 శాతం జీఎస్టీ, అది 1 లక్షా 29 వేలు. రిపేర్లు, గోడలకి సున్నాలు, చెదల మందు కలిపి 1 లక్షా 60 వేలు. టిఫిన్, సబ్బులు 94 వేలు. ఇంటర్నెట్, జనరేటర్ డీజిల్, మంచినీళ్ల క్యాన్లు 70 వేలు. ఇన్సూరెన్స్ 18 వేలు. కలిపితే 11 లక్షల 25 వేలు. మిగిలింది 3 లక్షల 31 వేలు. ఇందులో నా జీతం లేదు, మా ఆయన జీతం లేదు, స్థలం ఖరీదు లేదు, ఈఎంఐ లేదు. భోజనాల లెక్క వేరే, దాంట్లో పెద్దగా ఏం మిగలదు.

మీ 45 లక్షల లోన్ 10 ఏళ్లకి పదిన్నర శాతం వడ్డీ వేసుకున్నా నెలకి 60 వేల 700 దాకా ఈఎంఐ. ఏడాదికి 7 లక్షల 28 వేలు. అది కట్టాక నెలకి లక్షన్నర చేతికి రావాలంటే ఖర్చులు పోను 25 లక్షలు మిగలాలి, మాకు ఎనిమిదేళ్ల పేరు ఉన్నాక మొత్తం వసూలే 14న్నర. కొత్తగా కట్టిన నాలుగు కాటేజీలు ఇంకా బావుంటాయి, రేటు ఎక్కువ పెడతాను అంటారు, సరే 4500 పెట్టండి, అన్నే రాత్రులు అమ్ముడవుతాయనుకోండి, 23 లక్షల 40 వేలు. అప్పుడు కూడా చాలదు. పోనీ లోన్ లేకుండా చేతిలో 45 లక్షలు ఉన్నా 7 శాతం ఎఫ్‌డీలో పడేస్తే 3 లక్షల 15 వేలు వడ్డీ వస్తుంది, తేలు కుట్టిందని ఎవరూ లేపరు.

మరి మీరెందుకు చేస్తున్నారమ్మా అంటారు. ఇల్లు నిలబడాలని. అద్దెకివ్వకపోతే ఆ దూలాలు ఈపాటికి చెదలు తినేసేవి, ఇంటి డబ్బుతోనే ఇల్లు బాగవుతోంది, పైన ఒక మూడు లక్షలు. మాకు అది చాలు. ఇన్వెస్ట్‌మెంట్ అని లెక్కేస్తే మాత్రం ఇది సగం ఇన్వెస్ట్‌మెంట్, సగం ఉద్యోగం. ఉద్యోగం ఎవరు చేస్తారన్నది మీరు రాయలేదు.

స్థలం సంగతికి వద్దాం, ఎందుకంటే మీరు రివర్ వ్యూ అని రాశారు. మీ తోట ఏటిగట్టుకి లోపలా బయటా? అంటే ఊరివైపా, ఏటివైపా? ఏటివైపు అయితే, లంక భూమి అయితే, ఇంకేం చదవక్కర్లేదండి, పక్కా కట్టడం వద్దు. ముందు ఆ పట్టా ఏంటో చూసుకోండి, లంకల్లో చాలాచోట్ల డి.ఫారం పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి పట్టాలు, 1977 అసైన్డ్ భూముల చట్టం కిందకి వచ్చేవి, వాటి మీద బ్యాంకు లోన్ దగ్గరే ఆగిపోవచ్చు. తీరం దగ్గర కట్టడాలకి ఆంక్షలు పెట్టే సీఆర్‌జెడ్ రూల్ సముద్రం ఒడ్డుకే అనుకుంటారు, కాదు, సముద్రం పోటు ఎక్కే ఏటి పాయల ఒడ్డుకి కూడా వర్తిస్తుంది. మన వశిష్ఠ, వైనతేయ పాయల్లో పోటు ఎంతదాకా ఎక్కుతుందో మీ ఊళ్లో చేపలు పట్టేవాళ్లనడిగితే చెప్తారు.

ఊరివైపు అయినా సరే, 1986 ఆగస్టు వరదకి మీ తోటలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ముసలివాళ్లనడగండి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది, గట్లు తెగి ఊళ్లు మునిగాయి. తర్వాత గట్లు ఎత్తు చేశారు. ఈమధ్యకాలంలో పెద్దది 2022 జూలైలో వచ్చింది, 25 లక్షలు దాటింది. ఆ వారం నాకు నిన్నటిలా గుర్తుంది. భద్రాచలంలో మూడో హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు, ఆసారి 71 దాటింది. అక్కడి నీళ్లు మన దాకా రావడానికి ఒకరోజు పైనే పడుతుంది కాబట్టి టైమ్ ఉంటుంది, ఆ టైమ్‌ని వాడుకోవడం తెలియాలి. మా దగ్గర బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఫ్యామిలీ ఉంది, ముసలమ్మ, ఇద్దరు పిల్లలు. వాళ్లకి ఏటిగట్టు మీదనుంచి వరద చూడటం భలే సరదాగా ఉంది, ఇంకో రెండు రోజులు ఉంటాం అన్నారు. మా ఆయన డబ్బులు వెనక్కిచ్చి ఆ సాయంత్రమే కారెక్కించి పాలకొల్లు పంపేశారు, వాళ్లు అలిగారు కూడా, రివ్యూలో రెండు స్టార్లు ఇచ్చారు. తర్వాత రెండు రాత్రులు ఊళ్లో మగాళ్లందరూ గట్టు మీద ఇసుక బస్తాలు వేస్తూనే ఉన్నారు. గట్టు నిలబడింది గానీ ఆ రెండు స్టార్లు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

అందుకని క్యాన్సిలేషన్ పాలసీలో వరద సంగతి విడిగా రాయండి. ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక, అంటే 13.75 అడుగులు దాటితే బుకింగ్ మేమే రద్దు చేసి మొత్తం వెనక్కిస్తాం అని మేం రాసుకున్నాం. జూలై, ఆగస్టుల్లో ఎంత వెనక్కివ్వాల్సి వస్తుందో తెలియదు కాబట్టి అడ్వాన్స్‌గా వచ్చిన డబ్బు ఆ రెండు నెలలు ముట్టుకోను, వేరే అకౌంట్‌లో పడుంటుంది.

ఇంక నీళ్లు. రాజోలు దీవిలో బోరు వేస్తే తీపినీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు, ఉప్పు తగలొచ్చు, లేకపోతే ఇనుము. మాకు ఇనుము. మొదట్లో హోటల్‌లా ఉండాలని తెల్ల టవళ్లు 40 కొన్నానండి, కాస్త ఖరీదైనవే. మూడు ఉతుకులకి అంచులు పసుపు తిరిగాయి, ఆరు ఉతుకులకి మొత్తం టీలో ముంచి తీసినట్టు. బ్లీచింగ్ వేస్తే పోతుందేమో అని నానబెట్టా, ఇనుముకి బ్లీచింగ్ తగిలితే రంగు ఇంకా గట్టిపడి కూర్చుంటుందని తర్వాత తెలిసింది. ఒక ఆవిడ టవల్ పట్టుకొచ్చి ఇది ఎవరో వాడిందండీ అని నా చేతిలో పెట్టింది, ఉతికి ఎండలో ఆరేసి ఇస్త్రీ చేసిన టవల్ అది. ఆ రోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు పెద్ద ఐరన్ ఫిల్టర్ పెట్టించాం, టవళ్లు, దుప్పట్లు పాలకొల్లులో లాండ్రీకి ఇస్తాం, టవళ్లన్నీ ముదురు నీలం. మీరు ఒక్క ఇటుక పేర్చకముందు బోరు నీళ్లు టెస్ట్ చేయించండి, వానాకాలంలో ఒకసారి, మేలో ఒకసారి. మేలో వచ్చే రిపోర్టే అసలుది.

ఉప్పుగాలికి ఏసీ బయట యూనిట్ కాయిల్ తుప్పు పట్టి గ్యాస్ కారిపోద్ది, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ తొందరగా. గేట్లు, గ్రిల్స్ ఇనుము వద్దు. చుట్టుపక్కల చేపల చెరువులు ఉన్నాయేమో చూసుకోండి, గాలి అటునుంచి తిరిగినరోజు వాసన ఏ ఫొటోలోనూ కనపడదు గానీ రివ్యూలో కనపడుద్ది.

కొబ్బరితోట కాబట్టి ఒక మాట. దింపు, అంటే కాయలు కోయించడం, టైమ్‌కి చేయించండి, 45 రోజులకోసారి. కాయల రేటు పడిపోయింది, ఈసారి ఆగుదాం అని మేం ఒక దింపు వదిలేస్తే ముదిరిన కాయ వచ్చి గెస్ట్ కారు అద్దం మీద పడింది, 14 వేలు మేమే కట్టాం. కారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు దారి మీద, కార్లు పెట్టేచోట ఉన్న చెట్లకి కాయలు ముందే కోయించేస్తాం, పండుగలకి ముందు ఎండుమట్టలు కూడా లాగించేస్తాం. సంక్రాంతి ముందు దింపు కుర్రాళ్లు దొరకరు, నెలముందే చెప్పుకోవాలి.

మీ అసలు ప్రశ్న, ఫోన్‌లో మేనేజ్ చేయొచ్చా. బుకింగ్‌లు చేయొచ్చు, రేట్లు మార్చొచ్చు, తలుపుకి నంబర్ లాక్ పెట్టొచ్చు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఫోన్‌లో స్టార్ట్ అవ్వదు కదా. బాత్రూమ్‌లో జెర్రి కనపడితే ఎవరు తీస్తారు. ఈ వ్యాపారంలో మీ ఆస్తి ఇల్లు కాదండి, ఇంటి దగ్గర ఉండే ఆ భార్యాభర్తలు. మాకు మూడు జంటలు మారాక ఇప్పుడున్నవాళ్లు దొరికారు. మొదటాయన మేం లేనప్పుడు రూమ్‌లు సొంతంగా ఇచ్చేసి డబ్బులు జేబులో వేసుకునేవాడు, ఎలా దొరికాడంటే కరెంటు బిల్లు చూసి. బుకింగ్ లేని వారంలో మీటర్ 90 యూనిట్లు తిరిగింది. అప్పట్నుంచి రోజూ పొద్దున మీటర్ ఫొటో పంపమని చెప్తాను, మీరు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి మీకు ఇది ఇంకా అవసరం. ఇప్పుడున్నవాళ్లకి జీతం కాక, అమ్ముడైన ప్రతి రాత్రికి 60 రూపాయలు ఇస్తాను, పైన చెప్పిన రిపేర్ల ఖాతాలోనే రాసుకుంటాను, మా ఆయనకి నచ్చదు ఆ రాత. కానీ ఆ 60 వల్లే ఆవిడ వచ్చినవాళ్లకి పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండితో పొట్టిక్కలు వేసి పెడుతుంది, ఆ బుట్టలు ఎలా కుట్టాలో పిల్లలకి చూపిస్తుంది, మా రివ్యూల్లో సగం ఆవిడ గురించే.

మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిద్దాం అనుకుంటే, మా దగ్గరికి వచ్చినవాళ్లు వసూలు మీద 25 శాతం అడిగారు, ఖర్చులన్నీ మళ్లీ మనవే. మా లెక్కలో అది 3 లక్షల 64 వేలు, మాకు మిగిలేది 3 లక్షల 31 వేలు. మీరే చూడండి.

సంక్రాంతి గురించి మీకు ఆశ ఉంది కాబట్టి 2020 సంక్రాంతి కథ చెప్తాను. ఆరుగురికి రెండు గదులు బుక్ చేశారు, రేటు మాట్లాడకుండా అడిగినంత ఇచ్చారు, అక్కడే అనుమానం రావాల్సింది. దిగింది 17 మంది, నాలుగు కార్లు, రెండు కోళ్ల గంపలు. కోడిపందాలు చట్టప్రకారం నేరం, అయినా పండగ మూడు రోజులు ఇక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, కానీ మన పెరట్లో కోళ్లకి బాదంపప్పు పెడుతుంటే రేపు పోలీసులు వస్తే రిజిస్టర్‌లో పేరు నాది. పొమ్మంటే పోరు, పెద్ద పెద్ద పేర్లు చెప్తారు. మా మావయ్యగారు 80 ఏళ్ల మనిషి, కర్ర పట్టుకుని వెళ్లి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఏం మాట్లాడలేదు, రాత్రంతా అక్కడే. పొద్దున్నే పదకొండు మంది వెళ్లిపోయారు. అప్పట్నుంచి పండగకి ఫ్యామిలీలకే ఇస్తాం, ప్రతి ఒక్కరి ఆధార్ ముందే, 5 వేలు డిపాజిట్, పడుకునేవాళ్లు ఎంతమందో అంతకే మంచాలు. దీనివల్ల పండగ రాబడి కొంత తగ్గింది, తగ్గనివ్వండి.

పడవల విషయం కూడా. బోటు ఎక్కించండి అని ప్రతివాళ్లూ అడుగుతారు, దగ్గర్లో జాలరి పడవ ఉంటుంది, 500 ఇస్తే తిప్పుతాడు. వద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎంతమంది పోయారో మర్చిపోకండి. దిండిలో టూరిజం వాళ్ల బోట్లు ఉన్నాయి, లైఫ్ జాకెట్ వేస్తారు, అక్కడికి పంపించండి, కమీషన్ రాకపోతే పోయె.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. రాత్రికి 7500 లోపు రూమ్‌కి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఏసీల మీద, పరుపుల మీద కట్టిన జీఎస్టీ పోయినట్టే. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంతవరకు మీరు రిజిస్టర్ అవ్వక్కర్లేదు, సైట్ ద్వారా వచ్చిన బుకింగ్‌కి ట్యాక్స్ ఆ సైట్ వాళ్లే కడతారు. కానీ ఆ 20 లక్షలు మీ పాన్ మీద ఉన్న మొత్తం వ్యాపారానికి, ఈ ఒక్కదానికి కాదు. సైట్ వాళ్లు టీడీఎస్ 0.1 శాతం పడతారు, 2024 అక్టోబర్‌కి ముందు 1 శాతం. పాన్ ఇవ్వకపోతే 5, చాలామంది మొదటి నెల ఇక్కడే పోగొట్టుకుంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఇది మామూలు ఇంటి అద్దెలా 30 శాతం డిడక్షన్‌తో పోదు, టిఫిన్, క్లీనింగ్ అన్నీ ఇస్తున్నాం కాబట్టి వ్యాపారం కింద చూపించాలి, బిల్లులన్నీ దాచుకోండి. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మన ఊరి పిల్లలైనా సరే. ఇంటి మీటర్ మీద నడిపి దొరికితే పెనాల్టీ పడొచ్చు. ఇంకోటి, హోమ్‌స్టే అని రాసుకున్నారు మీరు, కేంద్ర టూరిజం వాళ్ల హోమ్‌స్టే స్కీమ్‌లో ఒకటి నుంచి ఆరు గదులు, ఓనర్ కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. మీరు హైదరాబాద్‌లో ఉండి నడిపేది ఆ స్కీమ్ కిందకి రాదు.

ఇప్పుడు మంగళవారం రాత్రికి వద్దాం, మేం ఎలా నింపుతున్నామో. టూరిస్టుల్ని నమ్ముకోవడం మానేశాం. ఓఎన్జీసీ కాంట్రాక్టు పనుల మీద వచ్చే ఇంజినీర్లు, రొయ్యల మేత కంపెనీల టెక్నీషియన్లు, బ్యాంకు ఆడిట్‌కి వచ్చేవాళ్లు, వీళ్లకి టిఫిన్‌తో 1400, ఏసీ కరెంటు యూనిట్ లెక్కన విడిగా, పది పన్నెండు రాత్రులు కదలరు, దుప్పటి నాలుగు రోజులకోసారి మారిస్తే చాలు. సైట్ కమీషన్ లేదు, రివ్యూ బెడద లేదు. రాత్రికి 2800 ఇచ్చే టూరిస్టు కన్నా ఈ 1400 మనిషి నాకు ఎక్కువ మిగులుస్తున్నాడు, ఇది మాకు అర్థమవ్వడానికి నాలుగేళ్లు పట్టింది. పెళ్లి ముహూర్తాలకి ఊళ్లో ఎవరింట్లో పెళ్లున్నా చుట్టాలకి గదులు కావాలి. ఇంక ఫొటో షూట్‌లు. పెళ్లికి ముందు తీయించుకుంటున్నారు కదా, మండువాకి పగటిపూట 7 వేలు తీసుకుంటాం, సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతారు. ఒకసారి రంగుపొగ వదిలే గొట్టాలు తెచ్చి సున్నం గోడంతా గులాబీ రంగు చేసి పోయారు, ఇప్పుడు అది కూడా రూల్స్‌లో రాశాం.

కాబట్టి మీకు నేను చెప్పేది, కాటేజీలు ఆపండి. ఆ పెంకుటిల్లు పడగొట్టకండి. బంగళాపెంకులు సర్దించి, చెదలు చూపించి, రెండు గదులకి లోపలే బాత్రూమ్‌లు వేసి, ఏసీలు పెట్టడానికి 7, 8 లక్షల్లో అవ్వచ్చు, అది మీ సేవింగ్స్‌లోంచే పెట్టండి, లోన్ వద్దు. ముందు మనుషుల్ని వెతకండి, తర్వాత మేస్త్రిని. ఒక ఏడాది నడిపి వారం మధ్య రాత్రులు ఎన్ని అమ్ముడయ్యాయో విడిగా రాసుకోండి. వందలో పాతిక అయినా వస్తే అప్పుడు మూడో గది గురించి మాట్లాడదాం. స్థలం చూడ్డానికి జనవరిలో రాకండి, జనవరిలో మా ఊరు ఎవరికైనా నచ్చుతుంది. ఆగస్టులో వచ్చి ఆ ఇంట్లోనే నాలుగు రోజులు పడుకోండి, మీ ఆవిడని కూడా తీసుకురండి, దోమతెర మర్చిపోకండి.

ఆఁ, స్విమ్మింగ్ పూల్ అడిగారు. మన దగ్గర మూడు నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు ఊరే చోట్లున్నాయి, వానాకాలం అయితే ఇంకా పైకే. ఖాళీగా ఉన్న కాంక్రీటు తొట్టెని కిందనుంచి ఊటనీళ్లు పడవని లేపినట్టు పైకి లేపుతాయి, గోడలు పగుళ్లిస్తాయి, అందుకే కడగాలన్నా పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. దానికి కింద వేరే ఏర్పాట్లు చేయాలి, మీ బడ్జెట్‌లో అది లేదు. అంత కష్టపడి కట్టినా జూన్‌లో మొదటి వాన పడ్డ రాత్రి ఊళ్లో కప్పలన్నీ అందులోనే దిగుతాయి. మా పక్క తోటలో ఒకాయన కట్టాడు, ఇప్పుడు అందులో కొరమేను పెంచుతున్నాడు, దాని మీద బానే మిగులుతోందంట.